దుప్పటి ఇచ్చాం, చోటు ఇవ్వలేదు

మొన్నటి చలికాలంలో మా వర్తక సంఘం వారు గోదావరి రేవుల దగ్గరా, రైల్వే స్టేషను బయటా పడుకునేవారికి దుప్పట్లు పంచారు. రాజమండ్రిలో కొట్ల లెక్కలు రాయడం నా వృత్తి కాబట్టి ఆ కార్యక్రమం ఖర్చుల లెక్క కూడా నా చేతికే వచ్చింది. దుప్పట్ల బిల్లు, ఆటో కిరాయి, బ్యానరు, ఫోటోలు, వచ్చిన పెద్దలకు శాలువాలు, టిఫిన్లు, అన్నిటికీ రసీదులున్నాయి. ఒక్క రూపాయి పక్కదారి పట్టలేదు. చందాలు ఇచ్చినవారందరూ మనస్ఫూర్తిగానే ఇచ్చారు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం, వారి దయను శంకించే ఉద్దేశం నాకు లేదు. నా అభ్యంతరం ఆ దయ వెళ్తున్న దారి మీదనే.

ఆ రోజుల్లోనే చందా ఇచ్చిన కొట్లలో ఒకదాని దగ్గర రాత్రి ఆలస్యంగా పని ముగించుకుని బయటికి వచ్చాను. షట్టరు దించిన కుర్రవాడు బకెట్టుతో నీళ్ళు తెచ్చి మెట్ల మీదా, అరుగు మీదా పోశాడు. చీపురు పట్టలేదు, కడగలేదు, పోసి వెళ్ళిపోయాడు. అరుగు తడిగా ఉంటే ఎవరూ వచ్చి పడుకోరని అలా పోయమన్నారట. రోడ్డుకి అవతల ఒక పెద్దాయన చంకలో గోనెసంచితో నిలబడి కాసేపు ఆ అరుగు వంక చూసి, స్టేషను వైపు నడిచాడు.

మర్నాడు ఆ కొట్టు యజమానిని అడిగాను. ఆయన దాచలేదు. పొద్దున్నే వచ్చేసరికి మెట్ల మీద మలినం ఉంటోందనీ, ఒకసారి ఎవరో తాగి వచ్చి అద్దం పగలగొట్టారనీ, చీరలు కొనడానికి వచ్చే ఆడవారు ఇబ్బంది పడుతున్నారనీ చెప్పారు. "మీరే చెప్పండి, నేనేం చెయ్యను?" అన్నారు. అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. చాలా రోజులు ఆలోచించిన మీదట నాకు తోచినది ఇక్కడ రాస్తున్నాను. ఇల్లు లేనివారికి మన ప్రాంతపు వ్యాపారులు ఇవ్వవలసినది వస్తువు కాదు. రాత్రి భయం లేకుండా పడుకునే చోటు, ఆ చోటు నడవడానికి ప్రతి నెలా అయ్యే ఖర్చు. అన్నం పెట్టే విషయంలో గోదావరి సీమకు ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. చోటు ఇచ్చే విషయంలో మాత్రం మనం ఒకప్పుడు తెలిసినదాన్ని మరిచిపోయాం.

ఎవరు వీళ్ళు

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షల మందిని ఇల్లు లేనివారిగా నమోదు చేశారు. రోడ్డు పక్కన, వంతెనల కింద, తూముల్లో, గుడి మండపాల్లో, ప్లాట్‌ఫారాల మీద రాత్రి గడిపేవారే ఆ లెక్కలోకి వస్తారు. మన డెల్టాలో ఏటిగట్టు మీద, కాలువ గట్టు మీద తాటాకు పాకో, పట్టా కప్పిన గుడిసో వేసుకున్నవారు ఆ లెక్కలోకి రారు, ఎందుకంటే వారికి పైకప్పు ఉంది. ప్రతి సెంటు భూమికీ విలువ ఉన్న ఈ నేలలో భూమి లేనివాడికి మిగిలేది గట్టే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడైనా, 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడైనా ముందు చెదిరిపోయినవారు లంకల్లోనూ, గట్ల వెంటా ఉన్నవారే. వరద తీశాక ఇంటికి తిరిగి వెళ్ళేవారు వెళ్తారు. ఏరు కోసేసిన చోట తిరిగి వెళ్ళడానికి స్థలమే ఉండదు.

అలా పట్నం చేరినవారూ, శ్రీకాకుళం వైపు నుంచీ, ఒడిశా నుంచీ, ఛత్తీస్‌గఢ్ నుంచీ పనికి వచ్చినవారూ, పిల్లలు పట్టించుకోక బస్సెక్కి వచ్చేసిన ముసలివారూ, మతి స్థిమితం తప్పి ఎక్కడి నుంచి వచ్చారో చెప్పలేనివారూ, అందరూ రాత్రి పూట ఒకే వరసలో పడుకుంటారు. అందుకే వారందరినీ బిచ్చగాళ్ళు అనేయడం మనకు అలవాటైపోయింది. నేను లెక్కలు రాసే కొట్లకు బట్టల బేళ్ళు దించే హమాలీల్లో కొందరు ఆ వరసలో ఉన్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. పల్లెలో ఇల్లున్నా రోజూ బస్సు చార్జీలు పెట్టుకోలేక, పట్నంలో గది అద్దెకు తీసుకోలేక, వారంలో ఆరు రాత్రులు వారు రోడ్డు పక్కనే పడుకుంటున్నారు. పగలంతా మనకు పని చేసినవాడే రాత్రి మన అరుగు మీదికి వస్తున్నాడన్న మాట.

డెల్టాలో పని తీరు మారడం కూడా ఇందులో ఒక భాగమని నేను అనుకుంటున్నాను. ఊడ్పులు, కలుపులు, కోతలు, నూర్పిళ్ళు ఉన్న వరి పొలం ఏడాదిలో ఎన్నో పనిదినాలు ఇచ్చేది. కోతకు యంత్రం వచ్చింది, పొలం చెరువైంది. రొయ్యల చెరువు దగ్గర ఒకరిద్దరు కాపలా మనుషులూ, పట్టుబడి రోజున ఒక జట్టూ ఉంటే సరిపోతుంది. చెరువులు తవ్వినవారిని నేను తప్పు పట్టను, రొయ్య ఈ ప్రాంతానికి డబ్బు తెచ్చింది. అయితే ఆ డబ్బుతో నడిచే ప్రాసెసింగ్ షెడ్లూ, మేత కంపెనీలూ, ఐసు ఫ్యాక్టరీలూ తమ పక్క ఊళ్ళలో పనీ, చోటూ పోగొట్టుకున్నవారితో తమకు సంబంధం లేదనుకోవడం మాత్రం సరికాదు.

సత్రం కట్టినవారు పొలం కూడా రాశారు

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టారని ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా చెప్పుకుంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టింది. ఆ వరవడి ఇంకా బతికే ఉంది. అన్నవరంలో, వాడపల్లిలో, ద్రాక్షారామంలో ఆకలితో వెళ్ళినవారు ఆకలితో తిరిగి రారు. పట్టణాల్లో అన్న క్యాంటీనులో 5 రూపాయలకు భోజనం దొరుకుతోంది. పెళ్ళిరోజు, పెద్దల తద్దినం, కొట్టు ప్రారంభం, ఏ సందర్భమైనా మనకు ముందు గుర్తొచ్చేది పది మందికి అన్నం పెట్టడమే. గోదావరి రేవు దగ్గర పడుకునే ఒక ముసలమ్మ నాతో అన్న మాట ఇది: "అన్నానికేం బాబూ, ఎవరో ఒకరు పెడతారు. రాత్రి లేచి దొడ్డికెళ్ళాలంటేనే భయం."

మన వర్తకుల పూర్వీకులకు ఈ తేడా తెలుసు. రాజమండ్రిలో కంభంవారి సత్రం, నాళంవారి సత్రం అన్న పేర్లు ఇప్పటికీ మనం వాడుతూనే ఉన్నాం. సత్రం అంటే భోజనంతో పాటు పడకకు చోటు, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు, మూట పెట్టుకోవడానికి ఒక మూల. ఆ దాతల్లో ఆలోచన ఉన్నవారు కట్టడంతో ఆగలేదు. సత్రానికి పొలాలో, ఇళ్ళో రాశారు. ఆ శిస్తుతో, ఆ అద్దెతో బియ్యమూ, దీపానికి నూనే, కాపలావాడి జీతమూ నడవాలని వారి ఏర్పాటు. కోరంగి ప్రాంతం నుంచి రంగూన్ వెళ్ళి వ్యాపారంలో గొప్ప సంపద గడించిన మల్లాడి సత్యలింగం నాయకర్ గారు తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపోతే, ఆయన పేరున కాకినాడలో ఎం.ఎస్.ఎన్. చారిటీస్ నడుస్తోంది. ఆయన పోయి నూరేళ్ళు దాటినా ఆ పేరు మీద పిల్లలు చదువుకుంటున్నారు. ఆయన ఆస్తిని ఒక్క రోజులో పంచి ఉంటే, ఆ రోజు సంబరంగానే గడిచి ఉండేది.

పాత సత్రాలను పొగిడి ఊరుకోవడం న్యాయం కాదు. వాటిలో చాలా భాగం ఒక కులం వారికోసం, లేదా కొన్ని కులాల వారికోసం కట్టినవి. ఈ రోజు రోడ్డు మీద పడుకున్నవారిలో ఎక్కువ మంది తాత ముత్తాతలకు ఆ గుమ్మం తొక్కే హక్కు ఉండేది కాదు. అవి ప్రధానంగా యాత్రికుల కోసం ఏర్పడినవి, నెలల తరబడి ఉండవలసినవారి కోసం కాదు. ఇప్పుడు చాలా చోట్ల అవి కల్యాణ మండపాలయ్యాయి, ముందు భాగంలో కొట్లు వెలిశాయి. వాటిని తిరిగి తెరవమని నేను అడగడం లేదు. కట్టడంతో పాటు దాన్ని నడిపే ఆదాయాన్ని కూడా ఏర్పాటు చేసిన ఆ లెక్క ఒక్కటి తీసుకుందాం అంటున్నాను. లెక్కలు రాసేవాడిగా నాకు తెలిసినంతలో, ఏ సేవా కార్యక్రమమైనా మూతపడేది గోడలు లేక కాదు, మూడో ఏడు కాపలావాడికి జీతం లేకనే.

పని ఇచ్చినవారే చోటిస్తే

సాయం తన గేటు దగ్గర మొదలుపెట్టాలన్నది నాకు మొదట తోచిన మార్గం. తన కోసం బస్తాలు మోసేవాడు ఎక్కడ పడుకుంటున్నాడో యజమాని కనుక్కుంటే చాలు, సగం పని అవుతుందనుకున్నాను. దీనికి నాకు తెలిసిన ఒక ఉదాహరణ ఉంది. డెల్టాలో ఒక రైసుమిల్లు యజమాని వాడకంలో లేని గోడౌనులో ఒక భాగాన్ని బాగుచేయించి జట్టు కూలీలకు ఇచ్చారు. నేను వెళ్ళి చూశాను. కింద సిమెంటు గచ్చు, పైన రేకులు, నాలుగు ఫ్యాన్లు, వెనక రెండు మరుగుదొడ్లు, బోరు పంపు. గోడ వారగా ట్రంకుపెట్టెలు వరసగా ఉన్నాయి, ప్రతిదానికీ తాళం. ఏం కావాలని అడిగితే వారు ఫ్యాన్ల కంటే ముందు ఆ పెట్టెలే అడిగారని యజమాని చెప్పారు. ఒకతను తన పెట్టె తెరిచి చూపించాడు. ప్లాస్టిక్ కవరులో ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఇంటికి పంపాల్సిన డబ్బు, ఒక జత ఉతికిన బట్టలు. రోడ్డు పక్కన పడుకున్నన్నాళ్ళూ ఇవన్నీ నడుముకు కట్టుకుని పడుకునేవాడట. ఒకసారి నిద్రలో కార్డు పోతే కొత్తది తెచ్చుకోవడానికి చిరునామా అడిగారట.

చిరునామా సంగతి మనకు చిన్నదిగా కనిపిస్తుంది. పింఛనుకూ, రేషన్ కార్డుకూ, ఇంటి స్థలానికీ అన్నిటికీ మొదటి మెట్టు అదే. 2020 డిసెంబరు 25న కొమరగిరిలో ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైనప్పుడూ, అంతకు ముందు పట్టణాల్లో ప్రభుత్వం కట్టించే టిడ్కో ఇళ్ళకు దరఖాస్తులు తీసుకున్నప్పుడూ, కాగితాలు చూపించగలిగిన పేదవాడే వరసలో నిలబడ్డాడు. ప్లాట్‌ఫారం మీద పడుకున్నవాడు ఆ వరస దాకా కూడా వెళ్ళలేకపోయాడు.

ఆ గోడౌను చూసి చాలా సంతోషించాను. కొన్ని నెలల తర్వాత తెలిసిన సంగతి నా ఆలోచన మార్చింది. అడ్వాన్సు లెక్కలో మేస్త్రీకీ, ఒక కూలీకీ తగాదా వచ్చి, ఆ రాత్రికి రాత్రే అతని పెట్టె గేటు బయట పెట్టించారు. యజమాని ఆ రోజు ఊళ్ళో లేరు. పని పోయిన రోజే పడక కూడా పోయింది. ఇటుక బట్టీల దగ్గర, కొన్ని చెరువుల గట్ల మీద నడిచే పద్ధతి ఇదే. గుడిసె ఇస్తారు, అడ్వాన్సు ఇస్తారు, అది తీరేదాకా మనిషి కదలడానికి వీల్లేదు. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. వలస కార్మికులకు కంట్రాక్టరు తగిన నివాస వసతి కల్పించాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలోనే రాశారు. వసతి ఇచ్చే చేయీ, పని తీసేసే చేయీ ఒకటే అయినప్పుడు ఆ వసతే సంకెల అవుతుందన్న భయం ఊహ కాదు.

అందుకని నా అభిప్రాయం కొంత సవరించుకున్నాను. డబ్బు యజమానులు ఇవ్వాలి, తాళం మాత్రం వేరేవారి దగ్గర ఉండాలి. పది మిల్లులో, ఒక బజారులోని కొట్లన్నీ కలిసో నెల నెలా ఇంతని వేసుకుని ఒక వసతి గృహం నడిపితే, దాని నిర్వహణ మేస్త్రీలతో సంబంధం లేని ఒక కమిటీకి అప్పగించాలి, ఆ కమిటీలో అక్కడ ఉండేవారు ఇద్దరైనా ఉండాలి. పని మానేసినా, పని పోయినా కనీసం ఒక నెల ఆ పడక అతనిదేనని రాసి ఇవ్వాలి. ఉండేవారి దగ్గర చిన్న మొత్తం అద్దె తీసుకుని రసీదు ఇవ్వడం మంచిదని నా ఉద్దేశం. ఈ విషయంలో నా మిత్రుడొకరు గట్టిగా విభేదించారు. "ధర్మానికి రసీదేమిటి? పని దొరకని రోజున అతను ఆ కాస్త కూడా ఎక్కడి నుంచి తెస్తాడు?" అన్నారు. పని లేని రోజున అద్దె వదిలేయవచ్చు. రసీదు మీద అతని పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, ఆ చోటు అతనిదన్న సాక్ష్యం ఉంటుంది, అందుకే నేను దాన్ని వదులుకోలేను. వలస కార్మికులకూ, పట్టణ పేదలకూ తక్కువ అద్దె గృహ సముదాయాలు కట్టడానికి 2020లో కేంద్రం ఒక పథకం తెచ్చింది. తమ సొంత ఖాళీ స్థలంలో ప్రైవేటు సంస్థలు కూడా కట్టవచ్చని అందులో ఉంది. పెద్ద రొయ్యల ఫ్యాక్టరీల వంటివాటికి అది సరిపోతుంది. బజారు కొట్లకు అంత అవసరం లేదు.

ఇంతకన్నా తేలికైనదీ, దాదాపు ఖర్చు లేనిదీ ఇంకొకటి ఉంది. పట్నంలో గది దొరకకపోవడానికి అద్దె ఒక్కటే కారణం కాదు. అడ్వాన్సు ఇవ్వలేకపోవడం, ఒంటరి మగవాళ్ళకు ఇవ్వమనడం, కులం అడగడం, ఫలానావారు అని చెప్పే మనిషి లేకపోవడం కూడా కారణాలే. ముగ్గురు హమాలీలు కలిసి ఒక గది తీసుకుంటామన్నప్పుడు కొట్టు యజమాని వెళ్ళి ఇంటివారితో "వీళ్ళు నాకు తెలుసు, నాదీ పూచీ" అని ఒక్క మాట చెబితే, అడ్వాన్సు తాను కట్టి వాయిదాల మీద మినహాయించుకుంటే, ఆ ముగ్గురూ రోడ్డు మీంచి లేచిపోతారు. వ్యాపారంలో మాటకున్న విలువ మనకు తెలుసు. లక్షల సరుకు మాట మీద అరువు ఇచ్చుకుంటున్నాం.

ఇది మునిసిపాలిటీ పని కాదా

సంఘంలో ఈ మాట ఎత్తినప్పుడు మొదట వచ్చిన ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్నే. పన్నులు కడుతున్నాం, లైసెన్సు రుసుములు కడుతున్నాం, చెత్తకు కూడా కట్టాం, మళ్ళీ మేమే వసతి గృహాలు నడపాలా అన్నారు. సుప్రీం కోర్టు ఆదేశాల తర్వాత 2024 దాకా నడిచిన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పెట్టిన నియమం ప్రకారం ప్రతి లక్ష జనాభాకూ కనీసం వంద మందికి శాశ్వత వసతి ఉండాలి, అది రాత్రింబవళ్ళు తెరిచి ఉండాలి. 2011 నాటికే రాజమండ్రి జనాభా 3.4 లక్షలు దాటింది. ఆ బాధ్యత నుంచి ప్రభుత్వాన్ని తప్పించే ఉద్దేశం నాకు ఏ మాత్రం లేదు. సంఘం డబ్బులిస్తోందన్న సాకుతో మునిసిపాలిటీ తన బడ్జెట్టు తగ్గించుకుంటే అది పెద్ద నష్టం. కాబట్టి సంఘం ఇచ్చేది నియమంలో ఉన్నదానికి అదనంగా ఉండాలి. రెండో కాపలా మనిషి, స్త్రీల గదికి ఆయమ్మ, వేడినీళ్ళు, డాక్టరు వారానికొకసారి రావడం, ఇటువంటివి.

మునిసిపాలిటీకి లేనిది ఒకటి వర్తకుడికి ఉంది. అతను ప్రతి రోజూ అదే చోట కూర్చుంటాడు. తన కొట్టు ఎదుట చెట్టు కింద ఉండే ఆవిడ మూడు రోజులుగా లేవడం లేదని మొదట తెలిసేది పక్క టీకొట్టు వాడికే. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మతి స్థిమితం లేక తిరుగుతున్నవారిని రక్షణలోకి తీసుకోవడం పోలీసుల బాధ్యత, నిరాశ్రయులకు ప్రభుత్వ మానసిక వైద్యం ఉచితం, దానికి తెల్లకార్డు కూడా అక్కరలేదు. పోలీసు స్టేషనుకు ఒక ఫోను, ఆసుపత్రి దాకా ఒకరు తోడు, ఇంత చేయగలవాడు ఆ వీధిలో వర్తకుడే. ఆ పని చేసిన ఒక టీకొట్టు ఆయన నాకు తెలుసు. ఆవిడ ఇప్పుడు తన అన్న దగ్గర ఉంది. టీకొట్టు ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, నేను అడిగితేనే చెప్పారు.

ఇదే చేత్తో మనం చేస్తున్న ఇంకో పని గురించి కూడా చెప్పాలి. రోడ్డు పక్కవాళ్ళను ఖాళీ చేయించమని అధికారులకు అర్జీలు పెట్టేది ఎక్కువగా వర్తకులే. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. రేవులు బాగుచేస్తారు, రోడ్లు వెడల్పవుతాయి, హోటళ్ళకూ, బట్టల కొట్లకూ అంతటి గిరాకీ మళ్ళీ పన్నెండేళ్ళకు గాని రాదు. రేవుల దగ్గర పడుకునేవారిని అప్పుడు ఎక్కడికి పంపుతారన్నది ఇప్పుడే తేలాలి. ఏదో ఒక రాత్రి లారీ ఎక్కించి ఊరి బయట దించేసే పరిస్థితి రాకూడదు. పుష్కరాల్లో ముందుగా లాభపడే వ్యాపారులే ఆ ప్రశ్న అధికారులను అడగాలి.

కంపెనీల చట్టం ప్రకారం సామాజిక బాధ్యత కింద లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టవలసినవి నికర లాభం 5 కోట్లు దాటినవో, టర్నోవరు 1000 కోట్లు దాటినవో, నికర విలువ 500 కోట్లు దాటినవో మాత్రమే. మన బజారులో ఒక్క కొట్టు కూడా ఆ లెక్కలోకి రాదు. డెల్టాలో గ్యాసు, చమురు, కాగితం, రొయ్యల పెద్ద కంపెనీలు వస్తాయి. వారిని అడగవలసినది కట్టడాల ఖర్చు. నెలవారీ నడిపే ఖర్చు మాత్రం చిన్న కొట్ల చందాల మీదే నిలుస్తుంది, ఎందుకంటే కంపెనీ అధికారి బదిలీ అయితే ఆ పద్దు మారిపోతుంది, బజారు మారదు.

దుప్పట్ల ఖర్చు, వినాయక చవితి చందాల మిగులు కలిపి ఒక ఖాతా తెరిచి, కాపలా మనిషి జీతంతో మొదలుపెడదామని నేను సంఘానికి రాసి ఇచ్చాను. కోశాధికారి గారు చదివి, "ఇది ఎప్పటిదాకా ఇవ్వాలి?" అని అడిగారు. సంఘం ఆఫీసు కరెంటు బిల్లు ఎప్పటిదాకా కడతామో అప్పటిదాకా అన్నాను. ఆయన కాదనలేదు, కార్యవర్గంలో పెడతానన్నారు. స్త్రీల గది విషయం అందులో సరిగా రాయలేకపోయాను. ఎవరు నడపాలి, రాత్రి వేళ తలుపు ఎవరు తీయాలి అన్నది మగవాళ్ళ సంఘం కూర్చుని తేల్చేది కాదు. మెయిన్ రోడ్డులో గాజుల కొట్లూ, టైలరింగు కొట్లూ నడిపే ఆడవారిని కలిసి అడగాలి. వచ్చే సమావేశానికి వారిని పిలవమని కోశాధికారి గారికి విడిగా ఇంకో కాగితం రాశాను.